పాము మెడ పట్టుకున్న ఫొటోలు వేయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉన్నట్టు లేని కుర్రాడు తాచుపాము మెడ పట్టుకుని, దాన్ని మొహం ఎత్తుకి లేపి నవ్వుతున్నాడు. వెనక జనం సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. కింద ‘చాకచక్యంగా పట్టుకున్న యువకుడు’ అని రాశారు. ఆ కుర్రాడికి పాములంటే ఉన్న ఇష్టాన్ని నేను తప్పు పట్టను. నాకూ చిన్నప్పట్నుంచీ అదే పిచ్చి. మోటార్ వైండింగ్ షాపు నడుపుకుంటూ, చుట్టుపక్కల ఎవరింట్లో పాము దూరినా ఫోన్ చేస్తే వెళ్లి పట్టి, ఊరికి ఎడంగా వదిలేసి వస్తుంటాను. ఆ ఇష్టం కొద్దీ అడుగుతున్నాను, అలాంటి ఫొటోలు ఇక మీదట దయచేసి వేయకండి.

మెడ దొరికితే పాము ఇంకేమీ చేయలేదని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. తాచు మెడ సన్నం. కాస్త వదులుగా పట్టుకుంటే జారిపోతుంది, గట్టిగా నొక్కితే దాని వెన్నుపూస దెబ్బ తింటుంది. అప్పుడు పొలంలో వదిలినా ఎక్కువ రోజులు బతకదు. రక్తపింజరతో ఇంకా ప్రమాదం. దాని కోరలు పొడవు, నోట్లో వెనక్కి మడిచి ఉంటాయి, కాటేసేటప్పుడు ముందుకు లేస్తాయి. తల వెనక పట్టుకున్నా సరే, పక్కకి తిప్పి, ఒక్కోసారి తన కింది దవడలోంచే కోర దించి వేలికి గుచ్చేయగలదు. ఎంత అనుభవం ఉన్నా ఆ పట్టు మీద భరోసా పెట్టుకోవడానికి లేదు.

చేపల చెరువు మీద మోటారు పాడైందంటే ఒకసారి వెళ్లాను. కాపలా ఉండే పెద్దాయన ‘కొండచిలువ పిల్ల దొరికింది బాబూ, చూద్దువుగాని రా’ అని ప్లాస్టిక్ బకెట్ మీద మూత తీశాడు. చేత్తోనే పట్టి అందులో వేశాడట. మనవడికి చూపిద్దామని ఉంచాడట. లోపల ఉన్నది మూరెడు పొడవు రక్తపింజర పిల్ల. వీపు మీద మూడు వరసల్లో కోలగా మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు, మధ్య వరస గొలుసులా కలిసిపోయి ఉంది. ఒళ్లంతా గాలితో ఉబ్బించుకుని, కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతోంది. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఒక్క ఈతలో ఇరవై ముప్ఫై పిల్లలు కూడా ఉంటాయి. పుట్టిన రోజునుంచే ప్రతి పిల్లకీ విషం ఉంటుంది. ఆ పెద్దాయనని కాటేయకపోవడం ఆయన అదృష్టం. మెల్లగా మాట్లాడి ఆయన్ని పక్కకి పంపి, బకెట్ మూతకి తాడు కట్టి తీసుకెళ్లాను. మీరు వేయాల్సింది ఆ మూడు వరసల మచ్చల ఫొటో. పక్కనే కొండచిలువ పిల్ల ఫొటో కూడా వేస్తే చెరువుల మీద పనిచేసేవాళ్లు కత్తిరించి షెడ్డులో అంటించుకుంటారు.

అసలు పామును ఎలా పట్టాలో చెబుతాను. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, ఒక నల్లటి గుడ్డ సంచి చాలు. సంచి మూతిని పైపు ఒక చివరకి గట్టిగా కట్టాలి. రెండో చివరని పాము ఉన్న మూలకి, గోడవార నేల మీద పెట్టాలి. పాముకి వెలుతురు, జనం అంటే భయం, చీకటి కన్నం కనిపిస్తే అదే ఆశ్రయం. పొడవాటి కొక్కెంతో తోక వైపునుంచి కాస్త అదిలిస్తే తనంతట తానే పైపులోకి వెళ్లి సంచిలో చుట్ట చుట్టుకుంటుంది. అప్పుడు సంచి మెడ మెలిపెట్టి, కర్రతో అదిమి, ముడి వేయాలి. మొదటినుంచీ చివరిదాకా పాము ఒంటి మీద చెయ్యి పడదు. చుట్టూ ఉన్నవాళ్లకి మాత్రం ఏమీ కనిపించదు. ‘అంతేనా? చూపించవా అన్నా?’ అంటారు. అక్కడే కుర్రాళ్లు మెత్తబడతారు. చూపించమన్నారు కదా అని సంచి విప్పుతారు, పడగ ఎత్తిస్తారు, ముద్దు పెడతారు.

2024 సెప్టెంబరులో కామారెడ్డి జిల్లాలో ఒక యువకుడు తాచుపాము తలని నోట్లో పెట్టుకుని వీడియో దిగాడు. పాము కాటేసి చనిపోయాడు. ఆ వీడియోని రెండు రాష్ట్రాల్లో ఎంతమంది చూశారో, టీవీల్లో ఎన్నిసార్లు తిప్పారో మీకు తెలుసు. ఆ పిల్లాడికి అలా చేస్తే జనం చూస్తారని నేర్పింది ఎవరు? నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అతను పాముల్ని చంపకుండా పట్టే ఇంటి బిడ్డ. అలాంటివాళ్లు ఊరికొకరు ఉంటే ఎంత మేలు.

మద్రాసు దగ్గర మొసళ్ల పార్కుకి వెళ్లినప్పుడు అక్కడే ఇరుళ గిరిజనుల సహకార సంఘం చూశాను. 1978లో పెట్టారు. పట్టిన పాముల్ని మట్టి కుండల్లో ఉంచి మూతికి గుడ్డ కడతారు. గాజు పాత్ర అంచు మీద కరిపించి విషం తీస్తారు. కొన్ని వారాలయ్యాక, పొట్ట కింది పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ గుర్తు ఉన్న పాము మళ్లీ దొరికితే పట్టరు. మన ఆసుపత్రుల్లో వాడే విష విరుగుడు ఇంజెక్షన్‌కి కావాల్సిన విషం ఎక్కువగా అక్కడినుంచే వెళ్తుంది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తంనుంచి మందు చేస్తారు. నిజమే, వాళ్లూ విషం తీసేటప్పుడు తల పట్టుకుంటారు. తరతరాల విద్య అది. పైగా అక్కడ పని ఉండి పట్టుకుంటారు. 2023లో ఇద్దరు ఇరుళ పాములవాళ్లకి పద్మశ్రీ ఇచ్చారు. మా వైపు యానాదుల్లోనూ అలాంటి పెద్దలున్నారు. బొరియ మూతికి సాలెగూడు ఉంటే లోపలికి ఈమధ్య ఏదీ వెళ్లలేదని, మట్టి నున్నగా రాసుకుపోయి ఉంటే రాకపోకలు ఉన్నాయని వాళ్లే నాకు నేర్పారు. వాళ్ల దగ్గరికి మీ విలేకరి వెళ్లింది నేనెప్పుడూ చూడలేదు.

2018 ఆగస్టులో మా దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు పత్రికలన్నీ పెద్ద అక్షరాల్లో రాశాయి. మోపిదేవిలో సర్పయాగం కూడా చేశారు. స్వామి మీద భక్తి నాకూ ఉంది, నాగుల చవితికి మా ఇంట్లోవాళ్లు పుట్టకి వెళ్తారు. కాని పాములు పగబట్టి రాలేదు. వానలకి, కాలవ నీళ్లకి పొలాల్లో ఎలుక బొరియలు మునిగిపోతే ఎలుకలూ పాములూ కలిసి గట్ల మీదికి, ఇళ్లలోకి ఎక్కుతాయి. అదే సమయంలో కూలీలు వట్టి కాళ్లతో ఊడ్పుల్లో ఉంటారు. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షల మంది అని ఒక పెద్ద సర్వే లెక్క కట్టింది. అందులో సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యలోనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కాబట్టి ఊడ్పులు మొదలయ్యే వేళకి మీరు వేయాల్సిన వార్త వేరే ఉంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది, నొప్పి కూడా సరిగ్గా తెలియదు. తెల్లారి కడుపులో నొప్పి, కళ్లు మూతలు పడటం మొదలైతే అజీర్తి అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. మంచం మీద పడుకుని దోమతెర అంచుని పరుపు కిందకి దోపుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. పామును చంపి ఆసుపత్రికి తేవాల్సిన పని లేదు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఇంజెక్షన్ ఒక్కటే. డాక్టరు లక్షణాలు చూసి, గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాల్లో గడ్డ కడుతుందో లేదో చూసి నిర్ణయిస్తారు. చనిపోయిందనుకున్న పాము తల కూడా కాసేపటిదాకా కరుస్తుంది, దాన్ని కవర్లో వేసి ఆటోలో తెచ్చుకోవడం దేనికి?

అటవీ శాఖ అధికారులకి కూడా మీ ద్వారా ఒక మాట. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పామును పట్టుకుని ఆడించడం నేరం. కాని ఇంట్లో పాము దూరితే అర్ధరాత్రి వచ్చేది ఎవరు? మాలాంటివాళ్లమే. కేరళలో 2020లో పాములు పట్టేవాళ్లకి శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం ఇచ్చి, ‘సర్ప’ అనే యాప్‌లో వాళ్ల నంబర్లు పెట్టారు. ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్నవాళ్లు వస్తారు. అక్కడ నేర్పేది కూడా ఈ పైపు, సంచి పద్ధతే. మన దగ్గర హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థలు చాలా ఏళ్లుగా బాగా పనిచేస్తున్నాయి. మండలాల్లో మాత్రం ఎవరికి వాళ్లం. ప్రతి మండలానికి ఇద్దరికి శిక్షణ, పైపు, కొక్కెం, మోకాళ్ల దాకా బూట్లు, ఒక కార్డు ఇవ్వండి. పాముకాటు తగిలితే వాళ్లకీ వైద్యం, ఇంట్లోవాళ్లకి బీమా ఉండాలి. ఖర్చు పెద్దదేమీ కాదు.

మీ ఫొటోలో ఉన్న కుర్రాడు కనిపిస్తే మా షాపుకి పంపించండి. పైపు, సంచి నేనే కుట్టించి ఇస్తాను. మొదట జెర్రిపోతు మీద, నీరుకట్టె మీద నేర్పుతాను, వాటికి విషం లేదు. మీ ఫొటోగ్రాఫర్‌ని కూడా రమ్మనండి. పాము పైపులోకి వెళ్తున్నప్పుడు తోక ఒక్కటే కనిపిస్తుంది, ఆ ఫొటో మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
మోటార్ వైండింగ్ మెకానిక్,
చల్లపల్లి, కృష్ణా జిల్లా