చివరి రోజుల్లో పెద్దవాళ్ళు చెప్పే మాట, అది వినే నర్సు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను స్టాఫ్ నర్సుని. చాలా ఏళ్ళు ఐసీయూలో చేశాను, ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోని ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను. పిల్లలు దూరాన ఉన్నవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు మా దగ్గర ఎక్కువ. చివరి రోజుల్లో తమకు ఏం కావాలో, ఏం వద్దో వాళ్ళు ముందు చెప్పేది మాకే. మేం విన్న ఆ మాటకు ఏ కాగితం మీదా చోటు లేదు.

రాత్రిపూట మందులిచ్చి, దుప్పటి మార్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టేటప్పుడు పెద్దవాళ్ళు మనసు విప్పుతారు. "మల్ల ముక్కుల గొట్టం పెట్టనియ్యకు బిడ్డా" అంటుంది ఒకామె. "ఇంక ఆస్పత్రి వద్దమ్మా, ఇక్కడే పోనీ" అంటారు ఇంకొకరు. అందరూ ఇలాగే అంటారని కాదు. "మనవరాలి పెళ్ళి చూసేదాకా ఎట్లయినా బతికించండి" అని చెయ్యి పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. తెల్లారి డాక్టరు గారు రౌండ్స్‌కి వస్తే, కొడుకు వీడియో కాల్ చేస్తే, అందరూ "బాగానే ఉన్నా" అనే అంటారు. ఒకరోజు ఊపిరి అందదు. మేం మేనేజరుకు ఫోన్ చేస్తాం, ఆయన కొడుకుకి చేస్తారు, కొడుకు "వెంటనే తీసుకెళ్ళండి" అంటాడు. 108 వస్తుంది. గొట్టం వద్దన్న ఆమె వెంటిలేటర్ మీదికి వెళ్తుంది. ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. తల్లి ఆ మాట అతనితో ఎప్పుడూ అనలేదు.

నర్సులందరం ఒకే మాట మీద ఉన్నామని మీకు చెప్పలేను. ప్రాణం దేవుడిచ్చింది, ఆఖరి నిమిషం దాకా ప్రయత్నం ఆపకూడదని నమ్మే సిస్టర్లు ఉన్నారు. ఎముకల గూడుగా మిగిలిన మనిషికి సీపీఆర్ (ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కడం) చేస్తూ చేతికింద పక్కటెముక విరిగిన చప్పుడు విని, ఇంటికెళ్ళి అన్నం ముట్టనివాళ్ళూ ఉన్నారు. మార్ఫిన్ ఇస్తే మనమే చంపినట్టవుతుందేమోనని భయపడేవాళ్ళు ఇంకా ఎక్కువ. సరైన మోతాదులో అది నొప్పిని, ఆయాసాన్ని తగ్గించే మందు అని మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నమ్మకాలు ఏవైనా, టెన్షన్ మాత్రం అందరికీ ఒకటే. డాక్టరు "ఇక ఏం చేయొద్దులే సిస్టర్" అని నోటితో చెప్పి వెళ్ళిపోతారు, కేస్ షీట్‌లో ఒక్క ముక్క రాయరు. రాత్రి రెండింటికి ప్రాణం పోతే బంధువులకూ, అవసరమైతే పోలీసులకూ జవాబు చెప్పాల్సింది డ్యూటీలో ఉన్న అమ్మాయి. అందుకే మేం అన్నీ చేసేస్తాం. అందులో చాలా భాగం ఆ మనిషి కోసం కాదు, మా మీదికి రాకుండా ఉండటానికి.

నర్సుల మాటకు సుప్రీంకోర్టు విలువ ఇచ్చిన కేసు ఒకటుంది. ముంబయి కేఈఎం ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్న అరుణా షాన్‌బాగ్ మీద 1973 నవంబరులో దాడి జరిగింది. మెదడు దెబ్బతిని, 2015 మేలో చనిపోయేదాకా ఆమె అదే ఆస్పత్రిలో మంచం మీదే ఉంది. ఆమెకు ఆహారం ఆపేందుకు అనుమతి కోరుతూ రచయిత్రి పింకీ విరానీ కోర్టుకు వెళ్తే, అక్కడి నర్సులు, సిబ్బంది ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న వచ్చిన తీర్పు, ఆమె తరఫున మాట్లాడాల్సింది అన్నేళ్ళు సాకిన ఆ సిబ్బందేనని చెప్పింది. అంతకాలం మంచాన ఉన్న మనిషికి ఒక్క బెడ్‌సోర్ (పడకపుండు) కూడా రాలేదని ఆ తీర్పులో రాసి ఉంది. అది ఎంత చాకిరో ఈ పని చేసినవాళ్ళకే తెలుసు. ఆ నర్సుల నిర్ణయం సరైనదేనా అంటే మాలో మాకే వాదన తెగదు. అరుణ ఏం కోరుకునేదో చెప్పే వీలు ఆమెకు లేకుండా పోయింది. మా దగ్గరున్నవాళ్ళు నోరు తెరిచి చెప్తున్నారు, అయినా వినే ఏర్పాటు లేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

చట్టం లేదని అనను. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి, లివింగ్ విల్‌ను ఒప్పుకుంది. ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీయడానికి అది అనుమతి కాదు. కోలుకునే ఆశ లేనప్పుడు ఫలానా చికిత్స వద్దని ముందే రాసి పెట్టుకోవడం మాత్రమే. 2023 జనవరిలో కోర్టు ఆ పద్ధతిని తేలిక చేసింది. మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. కర్ణాటక 2025 జనవరిలో దీన్ని అమలుచేయడానికి ఉత్తర్వు ఇచ్చింది. నేను పనిచేసే చోటికి అలాంటి కాగితం ఏదీ ఇంతవరకు రాలేదు.

ఆ పద్ధతి అంతా ఆస్పత్రిని దృష్టిలో పెట్టుకున్నదే. చికిత్స ఆపాలా వద్దా తేల్చడానికి ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి, దాని మీద ఇంకో బోర్డు, ఒక్కోదానికి 48 గంటలు. ఆస్పత్రికే వద్దనుకుని ఆశ్రమంలో పోవాలనుకునే ముసలమ్మకు ఇందులో దారి ఎక్కడుంది? ఆ బోర్డుల్లో నర్సుకు కుర్చీ వేయమని నేను అడగడం లేదు. నర్సు తేదీ వేసి రాసిన మాటను చదవకుండా నిర్ణయం తీసుకోవద్దని మాత్రం అడుగుతున్నాను. వృద్ధాశ్రమంలో చేరిన మొదటి నెలలోనే, ఒంట్లో ఓపిక, తెలివి ఉన్నప్పుడే, ఆ మనిషినీ కుటుంబాన్నీ కూర్చోబెట్టి ఈ సంగతి మాట్లాడాలని నియమం పెట్టండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని రెగ్యులర్ మెడికల్ ఆఫీసర్లు గెజిటెడ్ హోదా ఉన్నవాళ్ళే కదా, వాళ్ళను అప్పుడప్పుడు మా దగ్గరికి పంపితే మంచం దిగలేనివాళ్ళు నోటరీ కోసం తిరగాల్సిన పని ఉండదు. మనసు మార్చుకుంటే ఆ కాగితం ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని కూడా వాళ్ళకు చెప్పాలి. ఏదైనా చేయొద్దనే ఆదేశం డాక్టరు సంతకంతో కేస్ షీట్‌లో ఉంటేనే చెల్లుతుందని, దాని ప్రకారం నడుచుకున్న నర్సు మీద కేసు ఉండదని మన రాష్ట్రం ఇచ్చే ఉత్తర్వులో స్పష్టంగా రాయండి.

ఇళ్ళకు వెళ్ళి మంచాన పడినవాళ్ళను చూసే 'ఆలన' వాహనాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. అవి వృద్ధాశ్రమాల గేటు దాకా కూడా రావాలి. మార్ఫిన్ నిల్వకు అనుమతి ఉన్న సంస్థలు తక్కువ, మా లాంటి చోట నొప్పికి పారాసిటమాలే దిక్కు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం లాంటి చోట మా నర్సులకు కొన్ని రోజుల శిక్షణ ఇప్పించినా ఆ మందు మీద ఉన్న భయం చాలావరకు పోతుంది.

ఒక మాట, చిన్నదనుకోకండి. పోయేముందు నోట్లో తులసి తీర్థం పోయించుకోవాలని, చెవిలో కలిమా వినాలని, పక్కన ఒక ప్రార్థన చేయించుకోవాలని వీళ్ళు మమ్మల్ని అడుగుతారు. గొంతులో గొట్టంతో, ఐసీయూ తలుపు అవతల అయినవాళ్ళుండగా అది కుదరదు.

ఈ ఉత్తర్వు ముసాయిదా తయారుచేసే కమిటీలో వృద్ధాశ్రమాల్లో పనిచేసే నర్సులు కనీసం ఇద్దరిని వేయండి. నైట్ డ్యూటీ చేసేవాళ్ళనే వేయండి, సమావేశం వాళ్ళు రాగలిగే వేళకు పెట్టండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
హైదరాబాద్