గీత కింద కనిపించే మాట

చిన్నా,

ఆదివారం నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. నువ్వడిగినదానికి అప్పటికి "అన్నీ సర్దుకుంటాయిలే" అనేశాను. అది జవాబు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్లో మాట తొందరగా దొర్లిపోతుంది. కాగితం మీద అయితే రాసినదాన్ని మళ్ళీ చదువుకోవాలి, నచ్చకపోతే మళ్ళీ రాయాలి. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు రెండు సంగతులు చెప్పావు. ఆఫీసులో చేయని టెస్టులకు చేసినట్టు టిక్ పెట్టమన్నారని ఒకటి. మీటింగుకి ఆలస్యమవుతుంటే, మెట్ల దగ్గర తల పట్టుకుని కూలబడిపోయిన పెద్దాయన్ని చూసి కూడా ఆగకుండా వెళ్ళిపోయావని రెండోది. మొదటిది చెప్పేటప్పుడు నీ గొంతులో కోపం ఉంది. రెండోది చెప్పేటప్పుడు గొంతే సరిగ్గా రాలేదు. ఆఖర్న "ఇదంతా దేనికమ్మా?" అన్నావు. ఆ మాట దగ్గరే నేను సర్దుబాటు మాట చెప్పి తప్పించుకున్నాను.

ముందు టిక్ సంగతి. దానికి నా దగ్గర ఒక కథ ఉంది. ఇన్నేళ్ళలో నీకెప్పుడూ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. నైట్ డ్యూటీ. వార్డులో ముప్పై మంచాలు, మేమిద్దరం నర్సులం. రెండో ఆవిడ ఎమర్జెన్సీ కేసుతో వెళ్ళింది. రాత్రి రెండు గంటల రౌండు నా ఒక్కదాని మీద పడింది. టెంపరేచర్, నాడి, బీపీ చకచకా అయిపోతాయి. చిక్కంతా ఊపిరి దగ్గరే. ఊపిరి లెక్కపెట్టాలంటే నిండా ఒక నిమిషం రోగి ఛాతీ వైపు చూస్తూ నిలబడాలి. పైగా లెక్కపెడుతున్నామని వాళ్ళకి తెలియకూడదు, తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయిపోయినా మణికట్టు వదలం. ఇంకా నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని, కళ్ళతో ఛాతీ ఎగసిపడటం లెక్కపెడతాం. పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉంటే మామూలు. తీరిక లేనప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది: చూడకుండానే 18 అనో 20 అనో వేసేస్తారు. పాత కేస్ షీట్లు తిరగేస్తే ఊపిరి గళ్ళలో ఆ రెండు అంకెలే బారులు తీరి కనిపిస్తాయి. అంతమంది మనుషులు అలా ఒక్క తీరున ఊపిరి పీల్చరు.

ఆ రాత్రి పదకొండో మంచం దగ్గర నేనూ 20 వేశాను. లెక్కపెట్టలేదు.

నాలుగు గంటలకి మళ్ళీ వచ్చినప్పుడు ఆ మంచం దగ్గర చప్పుడు తేడాగా ఉంది. మణికట్టు పట్టుకుని నిలబడ్డాను. 32. పరుగున వెళ్ళి డ్యూటీ డాక్టరుని లేపాను. ఆయన వచ్చి కేస్ షీటు చూసి, "రెండింటికి 20, నాలుగింటికి 32. రెండు గంటల్లో ఇంత ఎందుకు పెరిగింది?" అని, ఉన్నట్టుండి ముంచుకొచ్చే జబ్బులేమిటా అని వెతకడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి వచ్చిందో, సాయంత్రం నుంచీ మెల్లగా పెరుగుతోందో ఎవరికీ తెలియదు. తెలియాల్సినదాన్ని నేనే. నేను పక్కనే నిలబడి ఆయన నా 20ని నమ్మి ఆలోచించడం చూశాను. నోరు పెగల్లేదు.

ఆ మనిషి బతికాడు. తొమ్మిది రోజులకి తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికెళ్ళాడు. వెళ్తూ నా దగ్గరకొచ్చి, "ఆ రాత్రి నువ్వు చూడబట్టి బతికానమ్మా" అని దండం పెట్టాడు. ఇన్నేళ్ళయింది, నన్ను తిట్టినవాళ్ళ మాటలు చాలా మర్చిపోయాను గానీ ఆ దండం మర్చిపోలేదు.

"ఎవరికీ నష్టం లేదు కదా" అన్నావు చూడు, నిజమే. నా కథలోనూ ఎవరికీ నష్టం జరగలేదు. కానీ ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. అబద్ధపు అంకె ఖాళీ గడి కన్నా చెడ్డది. ఖాళీ గడి కనిపిస్తే, ఇక్కడ ఎవరూ చూడలేదని తెలుస్తుంది, ఎవరో ఒకరు వెళ్ళి చూస్తారు. గడి నిండి ఉంటే ఇక ఎవరూ వెళ్ళరు. నువ్వు పెట్టే టిక్ కూడా అంతే. అది ఒక పని చేయకుండా వదిలేయడం ఒక్కటే కాదు, ఆ పని ఇంకొకరు చేసే దారి కూడా మూసేస్తుంది.

మీ మేనేజరు "టిక్ అంటే టెస్ట్ చేశామని కాదు, లిస్టు చూశామని" అన్నాడన్నావు. మాటకి మాటగా అది నిజమే కావచ్చు. అశ్వత్థామ చనిపోయాడని చెప్పి, ఏనుగు అన్న మాట గొణిగిన ధర్మరాజుదీ మాటకి మాట నిజమే. ద్రోణుడి చెవిలో ఏం పడుతుందో ఆయనకి ముందే తెలుసు. ఆ మాటతో, అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం నేలకి తగిలిందంటారు. అది దేవుడు వేసిన శిక్ష అని చిన్నప్పుడు విన్నాను. ఇప్పుడు నాకు ఇంకోటి కనిపిస్తుంది. ద్రోణుడు ఇంకెవరు చెప్పినా నమ్మేవాడు కాదు. ధర్మరాజు చెప్పాడు గనకే నమ్మాడు. అన్నేళ్ళ నిజాయితీ ఆ ఒక్క అబద్ధానికి పెట్టుబడి అయింది. నీ సంతకాన్నీ జనం నమ్ముతారు చిన్నా. వాళ్ళకి నీ దగ్గర ఆ టిక్ కావాల్సింది కూడా అందుకే.

నేను మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు హెడ్ సిస్టర్ దగ్గరకి వెళ్ళి చెప్పాను. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. కేస్ షీటు తెప్పించి, పెన్ను నా చేతికిచ్చింది. ఆసుపత్రి రాతల్లో ఒక నియమం ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు, పిచ్చిగీతలు గీసి కప్పేయకూడదు. కింద ఉన్నది చదవడానికి వీలుగా దాని మీదుగా ఒకే ఒక్క గీత గీయాలి. పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, దిద్దిన తేదీ, సమయం వేయాలి. ఎందుకంటే, ఆ తప్పు అంకెను చూసి ఎవరో ఒకరు మందు ఇచ్చి ఉంటారు, ఏదో నిర్ణయం తీసుకుని ఉంటారు. అంకెను మాయం చేస్తే వాళ్ళ పని రేపు చదివేవాళ్ళకి అర్థం కాకుండా పోతుంది. నేను 20 మీద గీత గీశాను. పక్కన ఏం రాయాలో తెలియలేదు. సరైన అంకె నా దగ్గర లేదు కదా. "చూడలేదు అని రాయి" అంది ఆవిడ. రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి చెయ్యి ఎంత బరువెక్కిందో ఇప్పటికీ గుర్తు.

ఇక నీకు ఏం చెప్పను? నిజాయితీగా ఉంటే అంతా మంచే జరుగుతుందని మాత్రం చెప్పను. నిజం చెప్పి నష్టపోయినవాళ్ళని నా కళ్ళతో చూశాను, వాళ్ళకి ఎవరూ వచ్చి బహుమతి ఇవ్వలేదు. నెలనెలా నువ్వు కట్టాల్సినవి ఉన్నాయని తెలుసు. ఉద్యోగం విసిరికొట్టమని అనట్లేదు. చేయని టెస్టు గడిని ఖాళీగా వదిలెయ్. పక్కన "టైం చాలలేదు, చేయలేదు" అని రాయి. ఎన్ని రోజులు కావాలో కూడా అక్కడే రాసి పంపు. కేకలేస్తే వెయ్యనీ. ఆ పైన వాళ్ళు ఏం చేస్తారో వాళ్ళ చేతిలోది.

ఇక ఆ పెద్దాయన.

నన్ను అడిగితే, నీ గుండె రాయి కాదు. 1973లో అచ్చయిన ఒక ప్రయోగం గురించి మాకు ట్రైనింగులో చెప్పారు. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. మతబోధకులు కావడానికి చదువుకుంటున్న 40 మంది కుర్రాళ్ళని తీసుకున్నారు. దారిలో పడి ఉన్న పరాయివాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథ బైబిల్లో ఉంది కదా, దాని మీద ప్రసంగించమని కొందరికి చెప్పారు. మిగతావాళ్ళకి వేరే విషయం ఇచ్చారు. పక్క భవనానికి వెళ్ళే దారిలో ఒక మనిషి కూలబడి, దగ్గుతూ, మూలుగుతూ ఉంటాడు. ప్రయోగం కోసం కూర్చోబెట్టిన మనిషే. చేతిలో టైం ఉందని చెప్పి పంపినవాళ్ళలో నూటికి 63 మంది ఏదో ఒక సాయం చేశారు. "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్ళు" అని పంపినవాళ్ళలో నూటికి 10 మంది. బుర్రలో ఏ కథ తిరుగుతోందన్నదానితో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా తెచ్చింది తొందర.

నాకు ముఖ్యం అనిపించింది ఇంకో ముక్క. ఆగకుండా వెళ్ళిపోయిన కుర్రాళ్ళలో కొందరు అవతలి భవనానికి చేరేసరికి కంగారుగా, కలతగా ఉన్నారట. పట్టనితనంతో వెళ్ళినవాళ్ళు అలా ఉండరు. ఒకవైపు తమ కోసం కాచుకున్నవాళ్ళు, ఒకవైపు ఈ మనిషి, మధ్యలో నలిగిపోయారు. నువ్వూ అంతే. మీటింగులో ఒక్క మాటా బుర్రకెక్కలేదన్నావు. అయిపోగానే వెనక్కి పరిగెత్తానన్నావు, అప్పటికి ఆయన అక్కడ లేరన్నావు.

అలాగని నీది తప్పు కాదని నేను అనను. అలా అనే హక్కు నాకు లేదు, అది ఆయనది. కానీ నువ్వు నీ మనసు మంచిదా కాదా అని తవ్వుకుంటున్నావు. తవ్వాల్సింది అక్కడ కాదు, నీ గడియారం దగ్గర. పది నిమిషాలు ముందు బయల్దేరడం కూడా ధర్మమేనని నాకు ఆలస్యంగా తెలిసింది. రెండు గంటల రౌండులో నేను చెడ్డదాన్ని కాదు, తొందరలో ఉన్నదాన్ని. పదకొండో మంచం మీద ఉన్నాయనకి ఆ రెంటికీ తేడా ఏముంటుంది?

"ఇదంతా దేనికి" అన్నావు. ఆ ప్రశ్నకి నా దగ్గర పెద్ద మాటలు లేవు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ దగ్గర చాలా రాత్రులు కూర్చున్నాను. జీవితం గురించి ఏదో చెబుతారనుకునేదాన్ని కొత్తలో. తలగడ తిప్పమనేవాళ్ళు. కిటికీ తెరవమనేవాళ్ళు. రిటైరైన మాస్టారు ఒకాయన, ఇక రెండు మూడు రోజులే అన్నప్పుడు, మంచం దగ్గర వేలాడే అట్ట మీద తన పేరు చదువుకుని, "దీర్ఘం పోయిందమ్మా" అన్నారు. పెన్ను తెచ్చి దీర్ఘం పెట్టి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఆఁ, ఇప్పుడు నేనే" అన్నారు. ఆయనకి దానివల్ల ఒరిగేది ఏమిటని నేను అప్పుడు అడగలేదు, ఇప్పుడూ అడగను. ఆయన ముఖం చూశాను, చాలు.

నా వరకు ఒక లెక్క తేలింది. నిమిషం నిలబడి నిజంగా ఊపిరి లెక్కపెట్టిన రాత్రుల్లో, ఎంత అలసిపోయినా, "ఇదంతా దేనికి" అన్న ప్రశ్న నా దగ్గరకి రాలేదు. అంకెలు వేసేసి బయటపడ్డ రాత్రులే పొద్దున్నే బస్సులో పక్కన వచ్చి కూర్చునేది. అన్నిసార్లూ ఇంతే అనలేను. మీ నాన్న పోయిన ఏడాది అది వేరే దారిలో వచ్చింది. ఎన్ని నిమిషాలు లెక్కపెట్టినా పోలేదు. దానంతట అది ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. కానీ నీకు ఈమధ్య వస్తున్నది మొదటి రకందేమో చూసుకో. చేసేది ఒకటి, రాసేది ఒకటి అయినప్పుడు ఆ మధ్య ఖాళీలోకి ఆ ప్రశ్న దూరుతుంది.

ఇదంతా రాశాక ఇంకొకటి దాచుకుని ఉత్తరం మూయలేను.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా స్కూల్లో నాటకం వేశావు. నేను రాలేదు. డ్యూటీ వేశారని చెప్పాను. వేయలేదు. ఆ రోజు నాకు సెలవు. అప్పుడు పిల్లల వార్డులో చేసేదాన్ని. ముందు రాత్రి నీ ఈడు పిల్ల ఒకతి నా చేతుల్లో పోయింది. తెల్లారి, పిల్లలతో నిండిన హాల్లో కూర్చోవడం నావల్ల కాదనిపించింది. పార్కులో ఒక బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చున్నాను. డ్యూటీ నుంచి వచ్చినట్టు కనపడాలని యూనిఫాం వేసుకునే ఇంటికొచ్చాను. నువ్వింకా ముఖానికి రంగు కడుక్కోలేదు. "ఇవాళ చాలా పనా అమ్మా?" అని అడిగావు. అవునన్నాను.

ఆ "డ్యూటీ" అన్న మాట మీద ఇవాళ ఒక గీత గీస్తున్నాను. కింద మాట నీకు కనిపించాలి, దాన్ని నమ్మి నువ్వు ఆ సాయంత్రం నా కాళ్ళు పట్టావు. పక్కన రాసేది ఇది: సెలవు. రాలేకపోయాను. ఎందుకో చెప్పలేకపోయాను.

ఆ నాటకంలో నీ మాటలేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. గుర్తుంటే ఆదివారం ఫోన్లో చెప్పు.

అమ్మ