నానోసెల్యులోజ్ వార్తలో నీళ్ల సంగతి ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ సైన్స్ పేజీలో నానోసెల్యులోజ్ (మొక్కల పీచును కంటికి కనిపించనంత సన్నగా విడగొట్టి తీసే పదార్థం) మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. కాగితం మిల్లు ల్యాబ్‌లో 28 ఏళ్లు గుజ్జు పరీక్షలు చేసి రిటైరయ్యాను. మొక్కల పీచుకు పత్రికలో అంత చోటు దొరికినందుకు సంతోషమేసింది. కానీ ఉక్కు కంటే గట్టిది, మట్టిలో కలిసిపోతుంది అని చెప్పి వ్యాసం ముగించేయడం మాత్రం నచ్చలేదు.

ఉక్కుతో పోలిక ఎక్కువగా బరువుకు బరువు లెక్కేసి చెప్పేదే. సెల్యులోజ్ స్ఫటికం సాంద్రత ఉక్కులో అయిదో వంతే. పైగా అది కంటికి కనిపించని ఒక్క స్ఫటికం మాట, చేత్తో పట్టుకునే షీటు మాట కాదు.

మా మిల్లులో గుజ్జును రిఫైనర్‌లో (గుజ్జు నలిపే యంత్రంలో) మోతాదు మించి నలిపితే జిగటగా మారి, జల్లెడ మీద నీళ్లు దిగేవి కావు. మెషిన్ దగ్గరి నుంచి వెంటనే ఫోన్ వచ్చేది. ట్రేసింగ్ పేపరుకు కావాల్సింది మాత్రం అలా బాగా నలిగిన గుజ్జే. ఆ నలగ్గొట్టడాన్నే చివరిదాకా తీసుకెళ్తే వచ్చేది నానోసెల్యులోజ్. 1970ల చివర్లో అమెరికాలో టర్బాక్ అనే పరిశోధకుడి బృందం గుజ్జును పాల హోమోజెనైజర్‌లో (పాలను గట్టి ఒత్తిడితో సన్నని సందులోంచి తోసే యంత్రంలో) పదేపదే తోసి, జెల్ రూపంలో దీన్ని తీసింది.

నేను రిటైరయ్యే ముందు ఏడాది మా ల్యాబ్‌కు ఒక నానోసెల్యులోజ్ శాంపిల్ వచ్చింది. సీసా తలకిందులు చేసినా జెల్ కదల్లేదు. అందులో పీచు నూటికి 2 పాళ్లే, మిగతా 98 నీళ్లు! చెంచాడు తీసి గాజు పళ్లెంలో పరిచి వదిలేశాను. మర్నాటికి ఉల్లిపొరలా పల్చగా, మెరుస్తూ ఎండింది. దాన్ని మళ్లీ నీళ్లలో వేసి సాయంత్రం దాకా కలిపినా జెల్ తిరిగి రాలేదు, మెత్తబడిన ముక్కలే మిగిలాయి. ఎండేటప్పుడు పీచులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి కరుచుకుంటే ఇక వదలవు.

చిక్కంతా ఇక్కడే. మామూలుగా ఎండబెడితే గుణం పోతుంది. ఎండబెట్టకుండా పంపాలంటే కిలో పీచు కోసం 49 కిలోల నీళ్లు లారీలో మోయాలి. ఆ డీజిల్ ఎవరి ఖాతాలో రాస్తారు? కరెంటు సంగతీ అంతే. తొలి పద్ధతుల్లో కిలో పీచుకు 20, 30 యూనిట్లు పట్టేవి. ముందుగా ఎంజైమ్‌తో మెత్తబరిస్తే అది పదో వంతుకు కూడా దిగుతుంది కాబట్టి, ఏ పద్ధతిలో చేశారన్నది చెప్పి తీరాలి. నానోసెల్యులోజ్‌ను పీచుగా కాక స్ఫటికాలుగా తీయాలంటే దాదాపు 64 శాతం గాఢత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. తర్వాత దాన్ని కడిగి వదిలించడానికి మళ్లీ నీళ్లే కావాలి.

ప్యాకింగ్‌లో ప్లాస్టిక్‌కు బదులు వాడొచ్చని రాశారు. పొడిగా ఉన్నంతసేపు ఆ పొర ఆక్సిజన్‌ను బాగా ఆపుతుంది, నిజమే. గాలిలో తేమ పెరిగితే ఆ పట్టు సడలుతుంది. అందుకని పైన ఇంకో ప్లాస్టిక్ పూత వేస్తే మట్టిలో కలిసేదెలా?

ఇదంతా ఈ పదార్థం మీద ప్రేమతోనే రాస్తున్నాను. 2019 టోక్యో మోటార్ షోలో పెట్టిన నానోసెల్యులోజ్ కారు ఫొటో పెద్దగా వేశారు. దానికంటే ఒక జపాన్ కంపెనీ 2015లోనే జెల్ పెన్ను సిరాలో దీన్ని కలిపిన సంగతి నాకు ముఖ్యమనిపిస్తుంది. సిరా, రంగులు, కాంక్రీటు లాంటివాటిలో తడి సరుకు తడిగానే కలిసిపోతుంది, ఎండబెట్టే టెన్షనే లేదు. మీ వ్యాసంలో వాటి ఊసే రాలేదు.

ఈసారి ఎవరైనా కొత్త సరుకు కనిపెట్టామని వస్తే కిలోకు కరెంటు ఎంత, సరుకు చేరేది తడిగానా పొడిగానా, ఆమ్లం చివరికి ఎటు పోతోంది అని అడిగి రాయించండి. వాళ్లు చెప్పకపోతే, చెప్పలేదన్న మాటైనా అచ్చు వేయండి.

ఇట్లు,
కాగితం మిల్లు ల్యాబ్ విశ్రాంత ఉద్యోగిని