కిరోసిన్‌తోనే ఆపేయకండి, ప్రోటీన్లనూ కొలవనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్ ఉన్న కాలేజీల్లో కూడా దాంతో నీళ్లలోనో కిరోసిన్‌లోనో శబ్దవేగం కొలిపించి, రికార్డులో సంతకం పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టేస్తున్నారు. ఆ శబ్దంతోనే నీళ్లలో కరిగిన ప్రోటీన్ నొక్కితే ఎంత కుదించుకుపోతుందో కొలవచ్చని పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా!

లెక్క కష్టమేమీ కాదు. సాంద్రతను శబ్దవేగం వర్గంతో గుణించి, ఒకటిని దాంతో భాగిస్తే ద్రవం సంపీడ్యత, అంటే ఒత్తిడికి అది ఎంత కుదించుకుంటుందో చెప్పే అంకె, వచ్చేస్తుంది. ముందు ఉత్త బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలో), తర్వాత అందులోనే ప్రోటీన్ కలిపి కొలిస్తే తేడా తెలుస్తుంది. అసలు విశేషం ఆ తేడాలోనే ఉంది. ప్రోటీన్ మడతల్లో మిగిలిపోయిన చిన్న ఖాళీలు ఒత్తిడికి కుదించుకుంటాయి, దాన్ని అంటిపెట్టుకుని ఉండే నీటి పొర మాత్రం మామూలు నీళ్లకంటే తక్కువగా కుదించుకుంటుంది, ఈ రెండూ కలిసిన ఫలితమే మన చేతికొచ్చే అంకె. 1979లో గెక్కో, నొగుచి అనే జపాన్ శాస్త్రజ్ఞులు గుండ్రటి ప్రోటీన్లను 25 డిగ్రీల దగ్గర వరసగా ఇలాగే కొలిచారు.

నా బాధల్లా ఉష్ణోగ్రత గురించే. 25 డిగ్రీల దగ్గర నీళ్లలో శబ్దవేగం సెకనుకు దాదాపు 1497 మీటర్లు, ఒక్క డిగ్రీ పెరిగితే ఇంకో 2.7 మీటర్లు పెరుగుతుంది. నూరు మిల్లీలీటర్లలో ఒక గ్రాము ప్రోటీన్ కలిపితే వచ్చే తేడా కూడా కొద్ది మీటర్లే! మన ఎండల్లో, ఫ్యాను కింద కూర్చుని చేస్తే కొలిచింది ప్రోటీన్‌నా, గది వేడినా? ద్రవం పోసే సెల్లు చుట్టూ నీళ్లు తిప్పడానికి జాకెట్ ఉంటుంది, కానీ దానికి తగిలించాల్సిన, నీళ్ల వేడిని ఒకేలా ఉంచే థర్మోస్టాట్ బాత్ నేను పనిచేసిన చోట ఎన్ని ఇండెంట్లు పెట్టినా రాలేదు, జాకెట్ గొట్టాలు రెండూ బోసిగానే ఉండేవి.

ప్రోటీన్‌కు వెతుక్కోనక్కర్లేదు, బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ప్రోటీన్ అంచనా ప్రయోగానికి వాడే బోవైన్ సీరం ఆల్బుమిన్ (ఆవు రక్తంలోని ప్రోటీన్) చాలు. కుదిపితే నురగ వస్తుంది, సెల్లులో ఒక్క బుడగ ఉన్నా రీడింగు పాడవుతుంది కాబట్టి మెల్లగా కలపాలి, అంతే. పరిశోధనకు ఇంతకంటే నికార్సైన పరికరాలు కావాలి, నిజమే. అయినా పిల్లలకు దారి చూపించడానికి ఇది సరిపోతుంది.

శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల వాళ్లు ఈ ప్రయోగాన్ని ప్రాక్టికల్స్‌లో చేర్చి, కాలేజీకొక థర్మోస్టాట్ బాత్ ఇప్పించాలి. అన్నిచోట్లా కుదరకపోతే అనంతపురం, కడప, కర్నూలుల్లో ఒక్కో ల్యాబునైనా దీనికి సిద్ధం చేసి, చుట్టుపక్కల కాలేజీల పిల్లల్ని అక్కడికి రానివ్వాలి.

– ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, అనంతపురం