ఒక్క బంతికి 21 పరుగులట!

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం ఆలస్యమైంది, తిట్టుకో. అమ్మ మోకాళ్ళు పర్లేదు, చిన్నదానికి పరీక్షలు, ఇంటికి రంగులేయించాం. అంతే. అసలు సంగతి విను.

మొన్న ముసురు పట్టి కదల్లేక 1992 ప్రపంచ కప్పు సెమీస్ పెట్టుకున్నా. అదే, సిడ్నీలో ఇంగ్లండ్, దక్షిణాఫ్రికా ఆడింది. నువ్వు రేడియో మీద చెయ్యెత్తితే మీ నాన్నగారు నీ మీద ఎత్తారే, ఆ మ్యాచే! దక్షిణాఫ్రికాకి 13 బంతుల్లో 22 కావాలి. మెక్‌మిలన్, రిచర్డ్‌సన్ క్రీజులో ఉన్నారు. ఓ పన్నెండు నిమిషాలు వాన. తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఒక్క బంతికి 22! నిజానికి 21 అట, బోర్డు కూడా తప్పే.

ఎలాగంటే, రెండో జట్టుకి ఎన్ని ఓవర్లు తగ్గితే, మొదటి జట్టు అతి తక్కువ కొట్టిన అన్ని ఓవర్లు లెక్కలోంచి తీసేయడం అప్పటి రూలు. తగ్గింది రెండు. దక్షిణాఫ్రికా బౌలర్ ప్రింగిల్ చెమటోడ్చి వేసిన మెయిడెన్లు, అదే బ్యాట్‌తో పరుగు రాని ఓవర్లు, రెండున్నాయిగా, అవే ఎగిరిపోయాయి! వాటిల్లో ఎక్స్‌ట్రాగా వచ్చింది ఒకటే. అందుకే 253 కాస్తా 252. బాగా బౌలింగ్ వేసినందుకు శిక్షరా ఇది. వానొస్తే బ్యాట్ ఎవడిదైతే వాడిదే గెలుపన్న మన బుజ్జిగాడి రూలే నయం.

మెక్‌మిలన్ విసుగ్గా ఓ సింగిల్ తీసి వెళ్ళిపోతుంటే... సరేలే.

తర్వాత ఈ వాన లెక్కలకి కొత్త పద్ధతితో డక్‌వర్త్, లూయిస్ అనే గణాంక నిపుణులు వచ్చారు కదా. మిగిలిన ఓవర్లతో పాటు చేతిలో ఉన్న వికెట్లనీ లెక్కగట్టారు. ఆ పద్ధతి 1997 జనవరి 1న హరారేలో మొదలైంది. దాని ప్రకారం ఆ సిడ్నీ ఆఖరి బంతికి ఎంత కావాలో తెలుసా? టైకి 4, గెలవడానికి 5! అంటే ఒక్క సిక్స్! నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము.

పోనీ ఆ పద్ధతొచ్చాక దక్షిణాఫ్రికా వాళ్ళకి కలిసొచ్చిందా? 2003లో డర్బన్, శ్రీలంకతో. సొంత గడ్డ మీద ప్రపంచ కప్పు. 45వ ఓవర్లో వాళ్ళ బౌచర్ మురళీధరన్‌ని సిక్స్ కొట్టి జట్టు స్కోరు 229కి చేర్చాడు. గెలిచేశామనుకుని ఆఖరి బంతిని తోసి ఊరుకున్నాడు. వానకి ఆట అక్కడే ఆగిపోయింది, డక్‌వర్త్-లూయిస్ లెక్కలో 229 టైకి సరిపోయే స్కోరు! ఆ ఒక్క పరుగు తీసుంటే ముందుకెళ్ళేవాళ్ళు, టైతో ఇంటికి పోయారు. ఈసారి లెక్క సరైందే, పాపం ఆ లెక్క కాగితం చదవడంలోనే...

అన్నట్టు కేరళ ఇంజినీరు జయదేవన్ ఇంకో పద్ధతి కనిపెట్టాడు, దాని సంగతి... అయ్యో, స్కూల్ బస్సు హారన్! చిన్నదానికి ఇంకా జడేయలేదు. ఉంటా.

నీ
రాము