ఒకటో తారీఖు నుంచి మన షాపులో దొరకనివి, బదులుగా మీరు చేయాల్సినవి

కుక్కపిల్లల్ని పెంచుతున్న మన కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే ఒకటో తారీఖు నుంచి మన షాపులో నాలుగు దొరకవు: చిన్న సీసాల్లో పోసిచ్చే గోమార్ల (కొందరు పిడుదులంటారు) మందు, విరేచనాలు కట్టే బిళ్లలు, ఇంటికి పట్టుకెళ్లే టీకా మందు, బస్తా విప్పి కిలోల లెక్కన తూచే ఫీడు. ఈ నాలుగింటి మీదా మాకు మిగులు బాగానే ఉండేది. అయినా ఆపేస్తున్నాం. వీటిని మేం అమ్మిన పద్ధతిలో కుక్కపిల్లకు మేలు కంటే ముప్పే ఎక్కువ. అలా అమ్మడం మా తప్పు.

ముందుగా తొందరగా చేయాల్సిన పని. లేబుల్ లేని చిన్న సీసాలో మేం పోసిచ్చిన గోమార్ల మందు మీ ఇంట్లో ఉంటే వాడకండి, తెచ్చి ఇచ్చేయండి, డబ్బు వెనక్కిస్తాం. అందులో ఉన్నది అమిట్రాజ్, 12.5 శాతం. పెద్ద కుక్కకు లీటరు నీళ్లలో 2 నుంచి 4 మిల్లీలీటర్లు కలిపి ఒంటికి పట్టించాల్సిన మందు అది. సీసా మీద ఆ లెక్క లేకపోతే మూత కొలతన పోస్తారు, గోమార్లు ఎక్కువ కనిపిస్తే ఇంకో మూత పోస్తారు. అక్కడే ప్రమాదం. మోతాదు మించినా, తడి ఒంటిని కుక్క నాకినా మత్తుగా పడి ఉంటుంది, నడిస్తే తూలుతుంది, వాంతి చేసుకుంటుంది, గుండె వేగం పడిపోతుంది. అలా కనిపిస్తే వెంటనే షాంపూతో బాగా కడిగి, సీసా కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. 4 నెలల లోపు కుక్కపిల్లలకు, షుగరు ఉన్న కుక్కలకు, పిల్లులకు ఈ మందు అసలు వద్దు. ఇక మీదట కంపెనీ సీలు, కరపత్రం ఉన్న సీసానే ఇస్తాం, అదీ డాక్టరు చీటీ చూపిస్తేనే. చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఒళ్లు ఆరేదాకా కుక్క నాకకుండా దాని మెడకు కోన్ (గరాటులాంటి పట్టీ) పెట్టండి. నీళ్లలో కలిపిన మందు ఆ పూటే వాడి, మిగిలింది పారబోయండి, రేపటికని దాచొద్దు.

మరి చిన్న కుక్కపిల్లకు గోమార్లు పడితే? పట్టకారుతో గోమారును చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలిపెట్టకుండా తిన్నగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం వద్దు. గోళ్లతో నలపొద్దు, సబ్బు నీళ్ల గిన్నెలో వేయండి. చెవి లోపలి మడత, కాలి వేళ్ల సందులు, చంక, మెడపట్టీ కింద తప్పకుండా చూడండి. 8 వారాలు నిండాక మెడ వెనక చర్మం మీద చుక్కలుగా వేసే ఫిప్రోనిల్ అనే గోమార్ల మందు పనికొస్తుంది. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం చేయించొద్దు. వెంట్రుకల మీద కాదు, వాటిని పాయ తీసి చర్మం మీద పడాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ముందే చెప్పండి. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

ఎన్ని మందులు వాడినా గోమార్లు మళ్లీ వస్తున్నాయని చాలామంది అడుగుతారు. మనూళ్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారు రక్తం తాగి కిందికి దిగిపోతుంది. గోడ నెర్రెల్లో, తలుపు గడప సందుల్లో, మంచం పట్టెల కింద వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీద మీకు కనిపించేవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లోనే ఉంటాయి. గోడ మీదికి పాకుతున్న గోమారు కనిపించిందంటే కుక్కకు మందు వేసి ఊరుకుంటే చాలదు. నెర్రెలు సిమెంటుతో పూడ్చాలి, కుక్క పడుకునే గుడ్డలు మరిగే నీళ్లలో వేయాలి, ఇంటికి కొట్టే మందు 2, 3 వారాల తర్వాత మళ్లీ కొట్టాలి. మొదటిసారికి చావని గుడ్లు అప్పటికి పిల్లలై ఉంటాయి. కొట్టిన రోజు తడి పూర్తిగా ఆరేదాకా కుక్కను ఆ గదిలోకి రానివ్వొద్దు.

గోమారు కాటుతో వచ్చే జ్వరాన్ని కూడా గుర్తుపట్టాలి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మన కంటే ఎక్కువే. అందుకే చేత్తో తాకి జ్వరం అనుకోవద్దు, థర్మామీటరు ఆసనంలో పెట్టి చూడాలి. 103 దాటి, తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారినా, పొట్ట మీద ఎర్రచుక్కలు కనిపించినా, మూత్రం కాఫీరంగులోకి మారినా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లతో పాటు బ్లడ్ స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూసే పరీక్ష) కూడా అడగండి. గోమార్లు అంటించే రెండు జబ్బులు, ఎర్లీకియాకు, బబీసియాకు మందులు వేరు. ఎర్లీకియా అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడమంటారు. నాలుగో రోజుకే కుక్క తోక ఊపుతూ అన్నం తింటుంది, చాలామంది మందు ఆపేసేది కూడా అప్పుడే. ఆపొద్దు. బిళ్లను పెరుగన్నంలో పెట్టకండి, పాలు పెరుగు ఆ మందును పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. ఉడికిన చికెన్ ముక్కలో పెట్టి మింగించి, వెంటనే కాసిని నీళ్లు తాగించండి. బిళ్ల గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

ఇక విరేచనాల బిళ్లలు. వానాకాలంలో మా కౌంటరు దగ్గర ఎక్కువగా అడిగేవి ఇవే, మేం ఎక్కువగా తప్పు చేసిందీ ఇక్కడే. పిల్లకు విరేచనం పట్టుకుంటే కారణం ఒకటి కాదు: ఫీడు ఉన్నట్టుండి మార్చడం, పాలు, నులిపురుగులు, పార్వో అనే వైరస్ జబ్బు. పేగు కదలికను ఆపే బిళ్ల వేస్తే విరేచనం ఆగినట్టు కనిపిస్తుంది గానీ రోగం లోపల నడుస్తూనే ఉంటుంది. పార్వో విషయంలో ఆ ఒక్కరోజు ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

ఇంట్లో మీరు చూడాల్సింది ఇది. పిల్ల పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట 2 సెకన్లలోపు గులాబీరంగు తిరిగి రావాలి. చిగురు వేలికి జారుతూ తడిగా ఉండాలి, జిగటగా అంటుకుంటే ఒంట్లో నీరు తగ్గినట్టే. భుజాల మధ్య చర్మం పట్టి ఎత్తి వదిలితే చటుక్కున సర్దుకోవాలి, మడతలా నిలబడిపోతే ఆలస్యం చేయొద్దు. పిల్ల ఆడుతూ తింటూ ఒకటి రెండుసార్లు పలచగా వెళ్తే పాలు, కొత్త తిండి ఆపి, మెత్తటి అన్నంలో ఉప్పూకారం లేని ఉడికిన చికెన్ కలిపి కొద్దికొద్దిగా పెట్టి ఒకరోజు చూడొచ్చు. అదే 4 నెలల లోపు పిల్ల, టీకాలు పూర్తికాలేదు, వాంతులు అవుతున్నాయి, మందకొడిగా మూల పడుకుంది, మలంలో రక్తమో భరించలేని దుర్వాసనో ఉంది, వీటిలో ఏ ఒక్కటైనా సరే, గంటలు లెక్కపెట్టొద్దు, బయల్దేరండి. మలంతో చేసే పార్వో కిట్ పరీక్ష నిమిషాల్లో తేలుతుంది. తొలిరోజున నెగటివ్ వచ్చినా లక్షణాలుంటే డాక్టరు మళ్లీ చేయొచ్చు. వైరస్‌ను నేరుగా చంపే బిళ్ల ఏదీ లేదు, పిల్లను నిలబెట్టేది సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, రోజుల తరబడి చూసుకోవడమే. ఆ చికిత్స వేళకు అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. విజయవాడ చుట్టుపక్కల వాళ్లకు పట్టణ పశువైద్యశాలతో పాటు గన్నవరం వెటర్నరీ కాలేజీ కూడా ఉంది. దారిలో వాంతులవుతున్న పిల్ల నోట్లోకి సిరంజితో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిన్నజాతి పిల్ల వణుకుతూ చల్లబడుతుంటే మాత్రం చిటికెడు గ్లూకోజ్ తడిపి చిగుళ్లకు రాయండి.

పార్వో వచ్చిన ఇంట్లో ఫినాయిల్, డెటాల్ పెట్టి కడిగి నిశ్చింతగా ఉంటారు. ఆ వైరస్ వాటికి లొంగదు, నెలల తరబడి నేల మీద బతికి ఉంటుంది. మలం పూర్తిగా ఎత్తేసి, సబ్బుతో కడిగాక, లీటరు నీళ్లకు సుమారు 30 మిల్లీలీటర్ల ద్రవ బ్లీచ్ కలిపి బండల మీద పోసి 10 నిమిషాలు ఉంచి కడగాలి. మురికి ఉన్నచోట బ్లీచ్ పనిచేయదు, అందుకే ముందు సబ్బు. బ్లీచ్‌లో ఫినాయిల్ గానీ యాసిడ్ గానీ కలపొద్దు. మట్టి పెరడును ఇలా శుభ్రం చేయలేం. అక్కడికి మళ్లీ టీకాలు పూర్తికాని పిల్లను తేవొద్దు.

టీకా మందు ఇంటికి ఇవ్వడం ఆపడానికి కారణం చల్లదనం. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మా దగ్గర ఐసు ప్యాకు పెట్టిచ్చినా, బస్సులో గంటన్నర ప్రయాణం, ఇంట్లో కరెంటు కోత తర్వాత అందులో ఎంత శక్తి మిగిలిందో చూసి చెప్పలేం. కొందరు జాగ్రత్త పడదామని డీప్ ఫ్రీజర్‌లో పెడతారు. రేబిస్ టీకా గడ్డకడితే పాడైపోతుంది, కరిగాక చూడటానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. సూది పడిందన్న ధైర్యం ఉంటుంది, రక్షణ ఉండదు. డాక్టరు దగ్గర వేయిస్తే వయల్ (టీకా సీసా) మీది స్టిక్కరు ఒలిచి కార్డులో అంటిస్తారు. అందులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. స్టిక్కరు, సంతకం లేని కార్డుతో కుక్కపిల్లను కొంటుంటే ఆ టీకా పడలేదనే లెక్కేసుకుని డాక్టరుకు చూపించండి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనల్లో ఉంది. 35 రోజుల పిల్లను తెచ్చిస్తామనే వాళ్ల దగ్గర కొనకండి.

పార్వో లాంటి జబ్బులకు రెండు సూదులు పడ్డాయి కదా, మూడోది ఎందుకని అడుగుతుంటారు. పిల్ల తల్లి దగ్గర తాగిన ముర్రుపాల నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలు ఒంట్లో ఉంటుంది. అది ఉన్నన్నాళ్లూ టీకాను కూడా శత్రువనుకుని అణిచేస్తుంది. ఆ రక్షణ ఒక పిల్లలో 7 వారాలకే తరిగిపోతుంది, దాని తోబుట్టువులో 14 వారాల దాకా ఉంటుంది. పైకి చూసి కనిపెట్టలేం. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3, 4 వారాలకొకటి చొప్పున, ఆఖరిది 16 వారాలు నిండాక పడేలా చూడాలి. రేబిస్ టీకా 3 నెలలకు, ఆపైన డాక్టరు చెప్పిన తేదీల్లో. అన్నీ అయ్యాక రెండు వారాల దాకా వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దింపొద్దు. అలాగని గదిలో బంధించొద్దు, ఎత్తుకుని ఆటోల మోత, బడిపిల్లల సందడి చూపించండి. ఆ వయసులో చూడని వాటికి పెద్దయ్యాక బెదురుతాయి. ఇంకొక మాట, కుక్కపిల్ల ఆటలో కొరికినా పన్ను దిగితే సబ్బు, ధార నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి. చిన్న కుక్కపిల్లకు రేబిస్ ఉండదనుకోవద్దు.

నులిపురుగుల మందు మన దగ్గర దొరుకుతుంది, కానీ ఇక నుంచి తూకం వేయకుండా ఇవ్వం. మామూలుగా దొరికే బిళ్ల 10 కిలోలకు ఒకటి. రెండున్నర కిలోల పిల్లకు పావు బిళ్లే. గడప దాటని పిల్లకు పురుగులెలా వస్తాయంటారు. తల్లి కడుపులోనే కొన్ని, పాలతో కొన్ని వస్తాయి. అందుకే 2 వారాల వయసు నుంచి రెండేసి వారాలకు, 8 వారాల తర్వాత నెలకోసారి 6 నెలల దాకా, ఆపైన 3 నెలలకోసారి. మందు వేశాక సేమియాలాంటి పురుగులు పడితే కంగారు వద్దు. ఆసనం దగ్గర దోసగింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. అవి గెంతుడు పేలను మింగితే వస్తాయి, పేలు పోకపోతే మందు వేసినా తిరిగొస్తాయి.

విడి ఫీడు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. విప్పిన బస్తా ఈ గాలిలో తేమ పీల్చి బూజు పడుతుంది, ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇక మీదట సీలున్న చిన్న ప్యాకెట్లే. కొత్త ఫీడుకు మారేవాళ్లు 7 నుంచి 10 రోజుల్లో, పాతది తగ్గిస్తూ కొత్తది పెంచుతూ మార్చండి. పప్పీ ఫీడు పూర్తిగా తినే పెద్దజాతి పిల్లకు కాల్షియం టానిక్ అడిగితే మేం వద్దనే అంటాం, ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి. వట్టి అన్నం, చికెన్ మీద పెరిగే పిల్లకు మాత్రం కాల్షియం చాలదు, ఎంత ఇవ్వాలో బరువు చూసి డాక్టరే చెప్పాలి. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మనుషుల బిళ్లలు సగమైనా ఇవ్వొద్దు.

షాపు బయట వరండాలో కాటా పెడుతున్నాం, తూకానికి డబ్బు తీసుకోం. పిల్ల కదులుతుంటే మీరు ఎత్తుకుని ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడా రాసుకోండి. 5 కిలోల లోపు పిల్లకు లోపల బుట్ట ఉన్న చిన్న కాటా ఉంది, 10 గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. తేదీ, బరువు రాసిన చీటీ ఇస్తాం, దాన్ని టీకా కార్డులో పెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి ఉన్నా బయటి కాటా వాడుకోవచ్చు.