ఎకో సరే, ఈసీజీ మాటేమిటి?

సంపాదకుల వారికి,

క్యాన్సర్ మందులు గుండెకు చేసే చేటు మీద మీ ఆరోగ్య పేజీలో కిందటి వారం వచ్చిన వ్యాసం చదివాక ఈ లేఖ రాయక తప్పడం లేదు. వ్యాసమంతా గుండె కండరం బలహీనపడటం చుట్టూనే తిరిగింది. ఎకో (గుండె స్కానింగ్) తీయించుకోమని చెప్పి ముగించారు. గుండె కండరాన్ని దెబ్బతీసే డాక్సోరూబిసిన్ వాడేవారికి అది మంచి సలహానే. కానీ గుండె కొట్టుకునేది కరెంటుతో. ఆ కరెంటు గతి తప్పితే ఎకోలో ఏమీ తేలకపోవచ్చు. ఎకో నిక్షేపంగా ఉన్న మనిషి కూడా ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు.

సోడియం లోపలికి దూసుకురావడంతో గుండె కణంలో విద్యుత్తు పుడుతుంది. కాల్షియం వచ్చి కణాన్ని ముడుచుకునేలా చేస్తుంది. చివర్లో పొటాషియం బయటికి పోతేనే కణం తిరిగి తన విశ్రాంతి స్థాయి అయిన మైనస్ 90 మిల్లీవోల్టులకు చేరుతుంది. ఆ పొటాషియం వెళ్లే ముఖ్యమైన దారి హెర్గ్ చానెల్. కొన్ని మందుల వల్ల అది మూసుకుపోతే ఈసీజీలో క్యూటీ (గుండెలో కరెంటు మొదలై తిరిగి సద్దుమణగడానికి పట్టే కాలం) సాగుతుంది. మరీ సాగితే టోర్సాడ్ అనే ప్రాణాంతకమైన లయభంగం రావచ్చు. ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడే ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్‌కు ఇంకో మార్గం కూడా ఉంది. కొత్తగా తయారైన చానెళ్లను కణం పొర దాకా చేరనివ్వదు. ఆ ప్రభావం గంటల తర్వాత గాని బయటపడదు కాబట్టి, మందు హెర్గ్‌ను మూస్తుందో లేదో నిమిషాల్లో తేల్చే ప్రయోగశాల పరీక్షకు అది చిక్కదు. ఒక్క హెర్గ్ పరీక్ష చూసి ఊరుకోవడం ఎందుకు తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆసుపత్రుల్లో జరిగే తప్పులు ఇంతకంటే మామూలువి. వాంతులు, విరేచనాలతో రోగి పొటాషియం, మెగ్నీషియం కోల్పోతాడు. వాంతులకని ఆండాన్సెట్రాన్ ఇస్తారు, అదీ క్యూటీని సాగదీసేదే. నోట్లో ఫంగస్ వచ్చిందని ఫ్లుకొనజోల్ రాస్తారు. అది క్యూటీని సాగదీయడమే కాక, అదే గుణమున్న నిలోటినిబ్ లాంటి క్యాన్సర్ మందులు కాలేయంలో విరగకుండా చేసి రక్తంలో వాటి మోతాదును పెంచుతుంది. నిలోటినిబ్ క్యాప్సూల్‌ను అన్నం తిన్న వెంటనే మింగినా మోతాదు పెరుగుతుంది. వేసుకునే ముందు 2 గంటలు, తర్వాత 1 గంట ఏమీ తినకూడదని రోగికి నోటితో చెప్పాలి. కరపత్రంలో చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేస్తే చెప్పినట్టు కాదు! క్యూటీని సాగదీసే మరో క్యాన్సర్ మందు వాండెటానిబ్ సంగతి మరీ జాగ్రత్త. దాని అర్ధాయువు (ఒంట్లో మందు సగానికి తగ్గే కాలం) 19 రోజులు. ఈ రోజు ఆపితే రేపటికి దిగిపోయే మందు కాదది.

ఇక లెక్క గురించి. చాలా ఈసీజీ యంత్రాలు క్యూటీని గుండె వేగానికి తగ్గట్టు బజెట్ అనే ఆయన సూత్రంతో సవరించి అచ్చేస్తాయి. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఆ సూత్రం ఎక్కువ చూపిస్తుంది. రక్తహీనత, జ్వరం ఉన్న క్యాన్సర్ రోగుల్లో ఆ వేగం సర్వసాధారణం. నిమిషానికి 100 సార్లు కొట్టుకునే గుండెలో క్యూటీ 360 మిల్లీసెకన్లు ఉంటే బజెట్ ప్రకారం 465, ఫ్రిడెరిషియా అనే మరో సూత్రం ప్రకారం 427. మొదటి అంకె చూసి బెదిరి, ప్రాణం నిలిపే మందును ఆపేస్తారు. రెండు సూత్రాలూ 1920లో వచ్చినవే. నూరేళ్లు దాటినా యంత్రంలో అమరిక మార్చుకోలేకపోవడాన్ని ఏమనాలి? డిశ్చార్జ్ కాగితంలో క్యూటీ అంకె, ఏ సూత్రంతో లెక్కించారో రాయమని ఆసుపత్రులకు ఆదేశమిచ్చే అధికారి ఒక్కరూ లేరా?

మీ వ్యాసం చదివి భయపడి ఎవరూ మందు మానేయకూడదు. ఆర్సెనిక్ మొదలుపెట్టే ముందు ఈసీజీ తీసి, రక్తంలో పొటాషియం లీటరుకు 4 మిల్లీఈక్వివలెంట్లు, మెగ్నీషియం డెసిలీటరుకు 1.8 మిల్లీగ్రాముల పైన ఉండేలా చూస్తారు. సవరించిన క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటితే ఆపి, లవణాలు సరిచేసి, క్యూటీ తగ్గాక మళ్లీ ఇస్తారు. ఈ మూడు వాక్యాలనైనా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు